‘పొగ తాగను మేడమ్’ అన్నవాడు అబద్ధం చెప్పలేదు

ఈ-సిగరెట్ల మీద నిషేధం వచ్చి ఏళ్లయింది. అయినా అవి కుర్రాళ్ల జేబుల్లోకి చేరుతూనే ఉన్నాయి. దగ్గుతో వచ్చిన పిల్లాణ్ని ఏమడగాలో ఊళ్లో వైద్య సిబ్బందికి ఎవరు నేర్పాలి?

పదిహేడేళ్ల పిల్లాడు అనుకుందాం. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. దసరాకు ఊరొచ్చాడు. నాలుగు రోజులుగా దగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం, తిన్నది కడుపులో ఆగడం లేదు. తల్లి వెంటబెట్టుకొని రఘునాథపల్లి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకొచ్చింది. బయట వరస పెద్దగా ఉంది. డాక్టరమ్మ స్టెత్ పెట్టి చూస్తూనే అడిగింది.

“బీడీ, సిగరెట్ తాగుతవా బిడ్డా?”

“లేదు మేడమ్.”

“గుట్కా, అంబర్?”

“అయ్యో, అవి ముట్టనే ముట్ట మేడమ్.”

“మావోడు అసొంటోడు కాదు మేడమ్” అని తల్లి వంత పాడింది. కాగితం మీద ‘అలవాట్లు: లేవు’ అని పడింది. దగ్గు మందు, యాంటీబయాటిక్, వాంతుల మాత్ర. తరువాతి పేషెంట్!

ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. పిల్లాడు బీడీ ముట్టించలేదు, గుట్కా నమల్లేదు. వాడి ప్యాంటు జేబులో హైలైటర్ పెన్నంత ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఉంది. పీలిస్తే మామిడిపండు రుచి. దాని సంగతి ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

ఈ పిల్లాడు కల్పితం. రఘునాథపల్లిలో ఇలాంటి కేసు వచ్చిందని ఇక్కడ చెప్పడం లేదు. కానీ ఇలాంటి పిల్లాడు రావడానికి కావాల్సినవన్నీ ఇక్కడున్నాయి. ఒకప్పటి వరంగల్ జిల్లాలో, 2016 అక్టోబరు నుంచి జనగామ జిల్లాలో ఉన్న ఈ మండలం హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి మీదే ఉంది. రైల్వే స్టేషన్ ఉంది. పదో తరగతి అవగానే పిల్లలు ఇటు హనుమకొండకో, అటు హైదరాబాద్‌కో కాలేజీలకు పోతారు. శని, ఆదివారాలు ఇంటికొస్తారు. నగరంలో కొత్తగా వచ్చిన ఫోను, చెప్పులు, హెయిర్ కట్ వారం తిరక్కుండా ఊరికి చేరుతున్నప్పుడు వేప్ అనే ఈ-సిగరెట్ ఒక్కటే జనగామ దగ్గర ఆగిపోతుందా?

మిల్వాకీలో ఎనిమిది మంది

2019 జులైలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, మిల్వాకీ నగరం. అక్కడి పిల్లల ఆసుపత్రికి ఒకరి తర్వాత ఒకరు టీనేజీ పిల్లలు వచ్చారు. దగ్గు, ఆయాసం, నీరసం, కొందరికి వాంతులు, విరేచనాలు. చూస్తే న్యుమోనియా లాగే ఉంది, పరీక్షల్లో మాత్రం ఏ సూక్ష్మజీవీ దొరకలేదు. డాక్టర్లు కూర్చుని వాళ్ల అలవాట్లను ఒక్కొక్కటే తవ్వితే అందరిలో ఉమ్మడిగా తేలింది ఒకటే: వేపింగ్. తీవ్రంగా దెబ్బతిన్న ఊపిరితిత్తులతో ఎనిమిది మంది పిల్లలు చేరారని ఆసుపత్రి ఆ నెలలోనే బయటికి చెప్పింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ మిగతా డాక్టర్లను హెచ్చరించింది. ఆ తర్వాత అమెరికా అంతటా వెతికితే కేసులు బయటపడుతూనే వచ్చాయి. ‘ఇవాలీ’ అని ఆ జబ్బుకు పేరు పెట్టారు. 2020 ఫిబ్రవరి 18 నాటికి ఆసుపత్రుల్లో చేరినవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి లెక్క 2,807. చనిపోయినవాళ్లు 68 మంది. రోగుల్లో సగానికి పైగా 25 ఏళ్ల లోపు వాళ్లే.

ఆ ఎనిమిది మందీ ఎనిమిది వేర్వేరు ఊళ్లలో, ఎనిమిది మంది వేర్వేరు డాక్టర్ల దగ్గరికి వెళ్లి ఉంటే ఎనిమిది న్యుమోనియాలుగా మిగిలిపోయేవారు. జబ్బు దొరికింది స్కానింగ్ యంత్రంతో కాదు. స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ అద్దానికి ఆవిరి పట్టినట్టు మసక కనిపిస్తుంది, నిజమే. కానీ కొవిడ్ తర్వాత అలాంటి మసక చూడని డాక్టర్ ఎవరు? దానికి కారణం వేప్ అని తెలియాలంటే అడగాల్సిందే.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ విపత్తుకు ప్రధాన కారణం మామూలు నికోటిన్ ద్రవం కాదు. రోగుల్లో ఎక్కువమంది గంజాయి సారం కలిపిన ద్రవాలు వాడారు. ఆ ద్రవాల్లో చిక్కదనం కోసం కల్తీగా కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ ఊపిరితిత్తుల్ని దెబ్బతీసిందని తేలింది. అందుకని “వేప్ కొడతావా” అని అడిగి ఆగిపోతే పని సగమే అయినట్టు. “అందులో ఏం పోస్తారు” అని కూడా అడగాలి. గంజాయి నుంచి తీసే హాష్ ఆయిల్ పట్టివేతల వార్తలు తెలుగు పేపర్లలో తరచూ వచ్చే రోజుల్లో ఇది అమెరికా సంగతిగా కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు.

మన డాక్టర్లు ఇంతకుముందే నేర్చుకున్న పాఠం

అడిగితేనే జబ్బు కనబడుతుందన్నది తెలుగు నేలకు కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా ఊళ్లలో ఆడవాళ్లు చుట్టను నిప్పున్న కొసను నోట్లో పెట్టుకొని తాగేవారు. అడ్డపొగ అనేవారు దాన్ని. అక్కడ అంగిటి క్యాన్సర్ ఎందుకంత ఎక్కువో బయటివాళ్లకు అర్థమయ్యేది కాదు. 1960లలో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధన విభాగం ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్లు తెరిపించి చూసింది. అంగిట్లో మచ్చలకూ అడ్డపొగకూ ఉన్న లంకె 1971లో అచ్చయిన ఆ అధ్యయనంతో తేటతెల్లమైంది. “పొగ తాగుతావా” అని మాత్రమే అడిగి ఉంటే ఇది తేలేది కాదు. “ఎలా తాగుతావమ్మా” అని అడిగారు కాబట్టి తేలింది.

వేప్‌కూ అంతే. దాని రూపం తెలియనివాడు దాని గురించి అడగలేడు. బ్యాటరీ, దానికో సన్నటి తీగచుట్ట, తీగను తడిపే వత్తి, కాస్త ద్రవం. సరంజామా ఇంతే. 2003లో చైనాకు చెందిన హోన్ లిక్ అనే ఫార్మసిస్టు ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి మూలం కనిపెట్టాడు. సిగరెట్ మానాలనుకునే పెద్దల కోసమే అది పుట్టింది. ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచి కోసం రసాయనాలు ఉంటాయి. తీగ వేడెక్కితే ఆ ద్రవం నుంచి ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటివి పుడతాయి. తీగ నుంచి నికెల్, క్రోమియం లాంటి లోహాలూ కాస్త వస్తాయి. “ఒట్టి నీటి ఆవిరే అంకుల్” అని పిల్లలు చెప్పేదాంట్లో నీళ్ల పాలు చాలా తక్కువ.

అసలు మార్పు 2015లో జూల్ అనే అమెరికన్ బ్రాండుతో వచ్చింది. మొదటిసారి బీడీ పీల్చిన ప్రతి కుర్రాడూ దగ్గి దగ్గి కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. గొంతులో ఆ మంటే చాలామందిని రెండో బీడీకి పోనివ్వలేదు. జూల్ వాడిన నికోటిన్ లవణాలు ఆ మంటను తీసేశాయి. ఎంత ఎక్కువ నికోటిన్ పెట్టినా గొంతు నొచ్చదు. జూల్ అమెరికాలో అమ్మిన ద్రవంలో మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాముల నికోటిన్ ఉండేది. ఐరోపా సంఘం పెట్టిన గరిష్ఠ పరిమితి 20. దొంగచాటుగా వచ్చే సరుకులో ఎంతుందో పెట్టె పైన రాసినదాన్ని నమ్మడానికి లేదు. మెదడు ఎదుగుదల సుమారు పాతికేళ్ల దాకా సాగుతుంది. ఆ లోపు నికోటిన్ అలవాటైతే ధ్యాస, జ్ఞాపకం, కోపతాపాల మీద అదుపు దెబ్బతింటాయి. పైగా ఆ వయసులో అలవాటు త్వరగా పాతుకుంటుంది. ఇంట్లో తాత బీడీ తాగితే వాసన పట్టేస్తుంది. దీనికి ఆ వాసనా లేదు. తల్లికి తెలిసేది పిల్లాడు చదువు మీద మనసు పెట్టడం లేదనీ, ఊరికే చిరాకు పడుతున్నాడనీ మాత్రమే.

భయపెడితే నమ్మరు

ఆరోగ్య సిబ్బందికి ఇచ్చే శిక్షణల్లో, స్కూళ్లలో పెట్టే అవగాహన సభల్లో తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. ‘పాప్‌కార్న్ లంగ్’ అంటూ భయంకరమైన బొమ్మలు చూపిస్తారు. అది 2000లో అమెరికాలోని మిస్సోరీలో పాప్‌కార్న్ కర్మాగారం కార్మికుల్లో బయటపడ్డ జబ్బు. వెన్న వాసన కోసం వాడే డయాసిటైల్ అనే రసాయనం గాలిలో కలిసి వాళ్ల ఊపిరితిత్తులను పాడుచేసింది. కొన్ని వేప్ రుచుల్లోనూ డయాసిటైల్ దొరికిన మాట నిజం. కానీ ‘వేప్ కొడితే పాప్‌కార్న్ లంగ్ ఖాయం’ అనేది నిలబడే మాట కాదు. ఫోన్‌లో రెండు నిమిషాలు వెతికితే పిల్లాడికి ఆ సంగతి తెలిసిపోతుంది. అప్పుడు మనం చెప్పిన నిజాలను కూడా వాడు నమ్మడు.

బ్రిటన్ సంగతి కూడా మన డాక్టరుకు తెలియాలి. పెద్దవాళ్లు సిగరెట్ మానడానికి ఈ-సిగరెట్ పనికొస్తుందని అక్కడి వైద్య సంస్థలు చెబుతాయి. దానికి పరిశోధనల ఆధారమూ ఉంది. ఇది దాచిపెడితే తెలివైన పిల్లాడు మన ముందే దాన్ని విప్పుతాడు. జవాబు కష్టమేమీ కాదు. ముప్పై ఏళ్లుగా రోజుకో పెట్టె కాల్చే మనిషికి ఏది మేలు అన్నది ఒక ప్రశ్న. ఎన్నడూ ఏదీ కాల్చని పదిహేనేళ్లవాడు కొత్తగా నికోటిన్ ఎందుకు మొదలెట్టాలి అన్నది వేరే ప్రశ్న. ఆ బ్రిటనే పిల్లల చేతుల్లో పడుతున్నాయని ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించింది.

“మరి సిగరెట్లు పాన్‌డబ్బాలో అమ్ముతున్నారు కదా సార్, దీన్నెందుకు బంద్ పెట్టిండ్రు?” అని ఎవడైనా అడిగితే? నాకైతే అది న్యాయమైన ప్రశ్నే అనిపిస్తుంది. ఎక్కువ మందిని చంపుతున్నది ఏదో అందరికీ తెలుసు. సర్కారు దగ్గర దానికి గట్టి జవాబు లేదు. డాక్టరు సర్కారు తరఫున వకాల్తా పుచ్చుకోనక్కర్లేదు. “రెండూ వద్దు బిడ్డా” అంటే చాలు.

చట్టం ఏం చేసింది, ఏం చేయలేదు

భారత వైద్య పరిశోధన మండలి 2019 మేలో పూర్తి నిషేధం కోరుతూ శ్వేతపత్రం ఇచ్చింది. సెప్టెంబరు 18న ఆర్డినెన్స్, డిసెంబరులో చట్టం వచ్చాయి. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రచారం చేస్తే మొదటిసారి ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. సరుకు నిల్వ పెడితే ఆర్నెల్ల దాకా జైలు లేదా యాభై వేల దాకా జరిమానా, లేదా రెండూ. పీల్చినవాడికి మాత్రం విడిగా శిక్ష రాయలేదు. ఇది వైద్య సిబ్బంది గట్టిగా గుర్తుంచుకోవాలి. పిల్లాడు నోరు విప్పకపోవడానికి సగం కారణం “పోలీసులకు చెప్తరేమో” అన్న భయమే.

నిషేధం వల్ల ఒక మేలు జరిగింది. బడి పక్క కొట్టులో అద్దం వెనక వేప్ బహిరంగంగా వేలాడదు. ఒక చిక్కు కూడా వచ్చింది. 2018 సెప్టెంబరు నుంచి ప్రతి సిగరెట్ పెట్టె, బీడీ కట్ట మీద హెచ్చరిక బొమ్మ కింద జాతీయ క్విట్‌లైన్ నంబరు 1800-112-356 అచ్చేస్తున్నారు. ఉచితంగా మాట్లాడి మానేందుకు సాయపడే ఫోను అది. దొంగసరుకు మీద హెచ్చరికా ఉండదు, నంబరూ ఉండదు. అంటే బీడీ తాగే తాతకు కంటబడ్డ నంబరు వేప్ కొట్టే మనవడికి ఎప్పుడూ కంటబడలేదు. వాడికి ఆ నంబరు చెప్పగలిగింది ఆరోగ్య కేంద్రంలో కూర్చున్న మనిషే.

అంకెలు చూస్తే ఇంత హడావుడి ఎందుకనిపించవచ్చు. 2016–17 జాతీయ పొగాకు సర్వేలో ఈ-సిగరెట్ వాడుతున్న పెద్దలు 0.02 శాతం. వాటి పేరు విన్నవాళ్లే మూడు శాతం. 13–15 ఏళ్ల విద్యార్థుల మీద 2019లో చేసిన సర్వేలో ఎప్పుడో ఒకసారైనా వాడామన్నవాళ్లు 2.8 శాతం. రెండు సర్వేల పద్ధతులు వేరు, పక్కపక్కన పెట్టి కొలవకూడదు. అయినా గాలి ఏ వయసు వైపు వీస్తోందో తెలుస్తూనే ఉంది. ప్రపంచంలో 13–15 ఏళ్ల వేపర్లు కనీసం కోటిన్నర మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 అక్టోబరులో లెక్క చెప్పింది.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే అంకె వేరే ఉంది. అదే 2016–17 సర్వేలో, వైద్యుల దగ్గరికో మరో ఆరోగ్య సిబ్బంది దగ్గరికో వెళ్లిన పొగరాయుళ్లలో ‘మానెయ్’ అని చెప్పించుకున్నవాళ్లు 48.8 శాతమే. పొగాకు నమిలేవాళ్లలో 31.7 శాతం. వందేళ్లుగా ఎదురుగా ఉన్న బీడీ, ఖైనీ విషయంలోనే సగం మందికి మాట చెప్పడం లేదు. నిన్నగాక మొన్న వచ్చిన, కంటికి కనిపించని వేప్ గురించి ఎవరు చెబుతారు?

శిక్షణ ఎవరికి?

శిక్షణ అనగానే జిల్లా కేంద్రంలో మెడికల్ ఆఫీసర్లను పిలిచి, స్లైడ్లు చూపించి, భోజనం పెట్టి పంపడం మనకు అలవాటు. పిల్లల విషయంలో అది సగం గురి తప్పుతుంది. సర్కారు బడికి వెళ్లి పిల్లల్ని చూసేది ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందం. 2013లో మొదలైన ఈ జాతీయ పథకంలో ఒక్కో బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్ఎం ఉండాలి. ఏడాదికోసారి బడికి వస్తారు. అంటే రఘునాథపల్లి హైస్కూలు పిల్లాణ్ని జబ్బు లేనప్పుడు కూడా పలకరించే వైద్యుడు ఆయుర్వేదమో హోమియోపతియో చదివినాయన. శిక్షణల జాబితాలో ముందు ఉండాల్సిన పేరు ఆయనది. పదేళ్లు దాటిన పిల్లలను వ్యసనాల గురించి అడగడం ఆ పరీక్షల్లో భాగమే. అక్కడ ‘వేప్’ అన్న మాట చేర్చడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

తర్వాత ఆశా కార్యకర్త. ఈ మండలంలోని ఖిలాషాపూర్ అయినా నిడిగొండ అయినా, ఎవరింట్లో ఎవరు దగ్గుతున్నారో ముందు తెలిసేది ఆమెకే. ఆమెకు నికోటిన్ లవణాల రసాయనం అక్కర్లేదు. రెండు మూడు రకాల వేప్‌ల ఫొటోలు ఫోన్‌లో ఉంటే చాలు. చిన్నపిల్లలు ఆ ద్రవం మింగితే ప్రాణం మీదికొస్తుందని, వెంటనే 108కు ఫోన్ చేయాలని తెలియాలి. కొవిడ్ కాలం నుంచి పల్స్ ఆక్సీమీటర్ అందరికీ అలవాటే. వేప్ కొట్టే పిల్లాడికి దగ్గు, ఆయాసం, వాంతులు ఉండి ఆక్సిజన్ 95 కన్నా తగ్గితే ఊళ్లో ఆపకుండా జనగామ ఆసుపత్రికో వరంగల్ ఎంజీఎంకో పంపాలి. అలాగని వేప్ దొరికింది కదా అని తెమడ పరీక్ష మానకూడదు. మన దగ్గర దగ్గు వస్తే ముందు క్షయ సంగతి తేల్చుకోవాలి, అది మారదు.

ఆర్‌ఎంపీల మాట ఎత్తితే అధికారులు ముఖం చిట్లిస్తారు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు సర్కారు శిక్షణ ఎలా ఇస్తుంది? ఇవ్వలేదు, సరే. కానీ ఊళ్లో పిల్లాడికి జ్వరమొస్తే మొదటి సూది పడేది అక్కడే. కనీసం ‘ఇలాంటివాణ్ని ఆపుకోకుండా పంపు’ అన్న కబురైనా వాళ్లకు చేరాలి.

ఇక కాబోయే డాక్టర్లు. జనగామ ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. వైద్య విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని చదువు పొడవునా వాళ్ల ఆరోగ్యం కనిపెట్టుకోవాలన్న నియమం ఇప్పుడుంది. పరీక్షలు పెట్టే కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది. పరీక్షలో రానిది మన పిల్లలు చదవరని అందరికీ తెలుసు కాబట్టి, ‘దగ్గుతో వచ్చిన పదహారేళ్లవాణ్ని ఏమేం అడుగుతావు’ అన్నది ప్రాక్టికల్స్‌లో రావాలి. ఇంకో మాట కూడా అనక తప్పదు. ఆ విద్యార్థుల వయసు పద్దెనిమిది నుంచి ఇరవై మూడు, వాళ్లు ఉండేదీ హాస్టళ్లలోనే. వేప్ అమ్మేవాడి కన్ను పడే వయసే అది. పాఠం చెప్పేటప్పుడు మాస్టారు దాన్ని పరాయివాళ్ల జబ్బులా చెప్పకపోతే మంచిది.

ఎలా అడగాలి

తల్లిని ముందు బయట కూర్చోబెట్టాలి. రద్దీ ఓపీలో ఇది కష్టమే. అయినా ఇది లేకుండా మిగతాదంతా వృథా. “బరువు చూస్తం, మీరు బయట కూసోండమ్మా” అంటే సరిపోతుంది. తర్వాత పిల్లాడి మీదికి నేరుగా పోకుండా “మీ హాస్టల్ల వేప్ కొట్టేటోళ్లు ఉన్నరా?” అని మొదలెట్టాలి. “నువ్వెన్నడన్న పట్టి చూసినవా?” ఆ తర్వాత. ఔనంటే, ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్నిసార్లు, లేవగానే కావాలా, అందులో ఏముంటుంది. లేవగానే కావాలన్నాడంటే అలవాటు బాగా ముదిరినట్టే. ఎవరు అమ్మారు అని మాత్రం అడగొద్దు. అది ఠాణా పని. ఆ ప్రశ్న పడిన క్షణం నుంచి వాడు నోరు తెరవడు.

మానేస్తే మొదటి రెండు మూడు రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి ఎక్కువగా ఉంటాయని, కొన్ని వారాల్లో తగ్గుతాయని ముందే చెప్పాలి. చెప్పకపోతే వాడు దాన్ని తన చేతకానితనం అనుకొని మళ్లీ మొదలెడతాడు. నికోటిన్ గమ్ పద్దెనిమిది నిండనివాళ్లు సొంతంగా కొనుక్కునేది కాదు, డాక్టరు చూసి తేల్చాలి. వాళ్లకు మొదటి మందు మాటే.

మాటకు ఫలితం ఉంటుందా అని అనుమానపడేవాళ్లు మళ్లీ శ్రీకాకుళం వైపు చూడాలి. అక్కడ, కేరళలోని ఎర్నాకుళంలో, గుజరాత్‌లోని భావనగర్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులే తర్వాత 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్లను ఎంచుకొని, ఏటా నోరు పరీక్షిస్తూ, మానెయ్యమని ఓపిగ్గా చెబుతూ వచ్చారు. ఐదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్‌లో అచ్చయ్యాయి. అలా చెప్పించుకోని పాత బృందంతో పోలిస్తే మానినవాళ్లు ఎక్కువ. ఎర్నాకుళంలో నోట్లో తెల్లమచ్చలు కొత్తగా రావడం బాగా తగ్గింది. వాళ్లు ఒక్కసారి చెప్పి వెళ్లిపోలేదు, ఏటా తిరిగొచ్చారు.

ఏటా తిరిగొచ్చే ఏర్పాటు రఘునాథపల్లిలోనూ ఉంది, పదో తరగతి దాకా. సర్కారు బడిలో చదివినన్నాళ్లు పిల్లాడు ఆర్‌బీఎస్‌కే బృందం కళ్ల ముందే ఉంటాడు. ఎస్సెస్సీ మెమో చేతికొచ్చి హైదరాబాద్‌లో ప్రైవేటు కాలేజీ హాస్టల్లో చేరాడంటే ఆ బృందానికి అందడు, ఆశా అక్కకూ అందడు. అందుకే ఈ ప్రశ్న వాడు ఇంటర్‌లో ఉండగా దగ్గుతో వచ్చినప్పుడు మొదటిసారి అడిగేది కాకూడదు. ఎనిమిదిలో ఒకసారి, తొమ్మిదిలో ఒకసారి, బస్సెక్కే ముందు పదిలో మళ్లీ అడగాలి.